ఐదుతో గుణించు

నలభై, అంది ఉల్లి అమ్మే ఆవిడ.
నలభై చేతిలో పెడితే
అటు తిప్పీ ఇటు తిప్పీ చూసి నవ్వింది.
పక్కన టీ కాచే కుర్రాడు అల్మామి
నా మొహం చూసి జాలిపడ్డాడు:
"ఇక్కడ డబ్బుని ఐదులతో లెక్కపెడతారు.
నలభై అంటే రెండొందల ఫ్రాంకులు.
చెవిన పడ్డదాన్ని ఐదుతో గుణించి
అప్పుడు జేబులో చెయ్యి పెట్టు."

అలా మోప్తి రేవులో
మళ్లీ ఎక్కాలు మొదలుపెట్టాను.

నిజానికి నేను బేరానికి రాలేదు.
యూవారూ వెళ్లే పెద్ద పడవ కోసం వచ్చాను.
అది ఉత్తరాన్నుంచి రావాలి,
సరుకు దించాలి, వెనక్కి తిరగాలి.
ఇవాళ అన్నారు. రేపు అన్నారు.
బానీ నది ఎండలకి ఒళ్లు చిక్కి
మెట్లకి చాలా కింద పారుతోంది.
చేసేది లేక ఉప్పుపలకలు చూస్తూ కూచున్నాను.
తలుపు రెక్కలంతేసి పలకలు,
కొంత దూరం ఒంటెల మీద, కొంత దూరం నీళ్ల మీద వచ్చినవి.
వ్యాపారి వేలి కణుపుతో కొట్టి చెవి ఆనిస్తాడు
కుండ కొనేవాడిలా.
పగులున్న పలక మొద్దుగా పలుకుతుందట.
నాకన్నీ ఒకేలా వినపడ్డాయి.

ఉల్లి ఆవిడ పేరు యాగలే.
దంచి, ఉండ చుట్టి, ఎండేసిన ఉల్లి
కొండల మీంచి బస్తాల్లో తెస్తుంది.
పక్కనే తేనిన్, ఎండుచేపల బుట్టల మధ్య.
"ఒసే చేపకంపూ, అటు జరుగు,
నీ నీడ పడి నా ఉల్లి పుచ్చిపోతోంది!"
"నోర్ముయ్యవే రాళ్లదానా,
చెంబెడు నీళ్లు చూసి మీ తాత జడుసుకు చచ్చాడు!"
నేను లేచి నిలబడ్డాను, కొట్టుకుంటారేమోనని.
అల్మామి గ్లాసులు కడుగుతూనే అన్నాడు,
"కూచో. ఏటివాళ్లూ కొండవాళ్లూ తిట్టుకోవాలి.
తాతలనాటి ఒప్పందం.
తిట్టుకోకపోతేనే తప్పు."

ఆ పడవకి చుక్కాని పట్టేది తేనిన్ మొగుడు, బురేమా.
దెబో సరస్సులో గాలి లేచిందని ఎవరో ఫోన్ చేశారు.
ఆ తరవాత ఫోన్లు కలవలేదు.
"మూడు రోజులు," అంది తేనిన్, ఎవరితోనూ కాదు.
కొత్త విద్య కదా,
మనసులో ఐదుతో గుణించేశాను. పదిహేను.
పెదాలు కదిలినట్టున్నాయి,
అల్మామి తల అడ్డంగా ఊపాడు.
డబ్బుకే ఆ లెక్క.
రోజులు రోజులే.

ఆ రోజు యాగలే తెల్లవారకముందే మొదలుపెట్టింది.
చేపల్ని తిట్టింది, వలల్ని తిట్టింది,
"తెడ్డేదో చుక్కానేదో తెలీని నీ మొగుడు
ఏ ఇసకతిన్నె మీదో గుర్రుపెడుతుంటాడు" అంది.
తిట్టుకి తిట్టు బాకీ, తీర్చాలి కదా,
తేనిన్ తీరుస్తూ పోయింది
ఊపిరి తిప్పుకోడానికి కూడా సందు లేకుండా.
ఒకే చేపని నాలుగుసార్లు తిరగేసి పెట్టింది.

ఎండ వాలాక
ఒక తిట్టుకి జవాబు రాలేదు.

యాగలే లేచి బస్తాల వెనక్కి వెళ్లింది.
నాకేం తోచక వెనకే వెళ్లి, ఎంత అన్నాను.
కళ్లు తుడుచుకుని, "ఉల్లి" అంది.
ఉల్లి చేసే మేలు తల్లి కూడా చెయ్యదంటారు మావైపు.
కానీ దంచి ఎండేసిన ఉండలకి
ఏ కన్నూ తడవదని
ఆవిడకీ తెలుసు, నాకూ తెలుసు.
"నలభై," అంది.
రెండొందలిచ్చాను.

చీకటి పడ్డాక వచ్చింది పడవ,
ఇంజను చచ్చి, గెడలతో తోసుకుంటూ,
ముందు ఒక్క లాంతరు.
బురేమా మోకాల్లోతు బురదలోకి దిగాడు.
తేనిన్ ఏమీ అనలేదు.
అమ్ముడుపోని బుట్ట తీసి అతని నెత్తిన పెట్టింది.
అప్పుడు యాగలే, గొంతు సవరించుకుని,
రేవు రేవంతా వినేలా:
"ఏం బురేమా, నది కూడా నిన్ను నోట పెట్టుకుని
ఉమ్మేసిందా? అంత చేదున్నావా?"

అందరూ నవ్వుతుంటే
నేను దిగేవాళ్లని లెక్కపెట్టాను.
ముప్పై ఒక్కమంది.
ఇద్దరు చంటిపిల్లల్నీ కలుపుకుని
ముప్పై ఒక్కమందే.

యూవారూ ఎప్పుడు అని అడిగాను.
ఇంజను విప్పాలి, రేపు, అన్నారు.